దీపానికీ పలకకీ మధ్య

డచ్చి ఊరు ఐండ్‌హోవెన్ చివర ఉన్న చిన్న ప్రయోగశాలలో డిసెంబరు సాయంత్రం అయిదింటికే కిటికీలు నల్లబడ్డాయి. పక్క గదిలో కాఫీ కాగుతోంది. అలైదా మాత్రం ఎండకి బదులు వెలిగే దీపం ఉన్న గదిలో, నారింజ రంగు ప్లాస్టిక్ పలక పక్కన కూర్చుంది.

పలకలో కలిపిన రంగు, ఆమెకి ముందు ఇక్కడ పనిచేసిన రూలోఫ్ తయారుచేసినది. ఎండని మింగి, ఎర్రటి వెలుగుగా మార్చి అంచులకి తోస్తుంది. అంచున అతికించిన సోలార్ పట్టీలు దాన్ని కరెంటు చేస్తాయి. ఇలాంటి రంగులు చాలావరకు తమ వెలుగుని తామే మింగేస్తాయి. అలా మింగని రంగు కోసం వెతికీ వెతికీ రూలోఫ్ జుట్టు నెరిసింది. అది దొరికిన వారమే ఈ దీపం ఎదుట గుండె ఆగి పడిపోయాడు. అంత్యక్రియల్లో అక్కడి ఆనవాయితీ ప్రకారం అందరూ తలో కేకు ముక్క తిని కాఫీ తాగారు. మర్నాడే అతని బల్ల అలైదాకి ఇచ్చి, రంగుకి ప్రయోగశాల పెద్ద హార్మెన్ తన పేరు పెట్టుకున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, రూలోఫ్‌కి ఆపాటి పొగడ్త కూడా దక్కలేదు.

ఈ రంగు నిలిస్తేనే అలైదా ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే నెలాఖరుకి ఇంటికే.

హార్మెన్ తలుపు దగ్గర నించుని, పట్టీల కరెంటు కొలిచే మీటరు చూశాడు. "మళ్ళీ ముల్లు పడిందా? వెలిసిపోతోందమ్మా నీ రంగు. ఒప్పేసుకో."

"పొద్దున నిండుగా చూపించింది హార్మెన్ గారూ. వెలిసిన రంగు తెల్లారేసరికి తిరిగొస్తుందా?"

"రూలోఫూ ఇట్లాగే వాదించేవాడు. బల్లతో పాటు మొండితనమూ వచ్చినట్టుంది." నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అలైదాకి ఒళ్ళు మండింది. దీపం బాగానే ఉంది. పలక మీద దుమ్ము లేదు. ఇంక ముల్లు పడాలంటే ఒకటే దారి... మధ్యలో ఎవరో నిలబడాలి.

వేడెక్కిన ప్లాస్టిక్ వాసనలో రూలోఫ్ ఎప్పుడూ వేసుకునే ఉన్ని కోటు తడిసిన వాసన కలిసింది. ఆమె పలకకేసి చూసింది. అంచులు ఎర్రగా మెరుస్తున్నాయి. నడుమ మాత్రం నీడ... భుజాలు. వంగిన మెడ.

"రూలోఫ్..." నీడకేసి వంగింది. "కాస్త పక్కకి జరుగు. నా ఉద్యోగం పోతుంది."

ఊపిరి చప్పుడు. అది తనది కాదు.

"నీ పేరు పెట్టిస్తాను. ఒట్టు."

"పేరొద్దు." చెవి పక్కనే. "నిలబడీ నిలబడీ అలిసిపోయాను. నువ్వు నిలబడతావా?"

"సరే... ముందు జరుగు," అంది, ఏం ఒప్పుకుంటోందో ఆలోచించకుండానే.

ముల్లు నిండుగా లేచింది. ఉన్ని కోటు వాసన తలుపు దాటి వెళ్ళిపోయింది.

పిలిస్తే హార్మెన్ కాఫీ కప్పుతో వచ్చాడు. మీటరు చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఫర్వాలేదే. ఇంకో ఏడాది ఉండచ్చు నువ్వు." ఆ మాటకి అలైదా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ చాకిరీకి దక్కింది అదొక్కటే.

"మీటరు నిజం చెబుతోందో లేదో, ఓసారి చెయ్యి అడ్డం పెట్టు," అన్నాడు హార్మెన్.

పెట్టింది. ముల్లు పడింది.

"చాలు, తియ్యి."

"తీశాను."

ముల్లు లేవలేదు.

"తియ్యమంటున్నానా? ఏడాది ఉండాలని లేదా నీకు?"

అలైదా రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి. పలక మీద రూలోఫ్ నీడ పడ్డ చోటే ఆమె అయిదు వేళ్ళ నీడ... మెల్లగా, ఒక్కొక్క వేలే, ముడుచుకుంటోంది.