పంతొమ్మిది సార్లు తెరిచిన పేజీ

పొరపాటున తెరిస్తే ఒకసారి, మరిచిపోయి తెరిస్తే రెండుసార్లు. పంతొమ్మిది సార్లు తెరవడానికి ఆ వ్యాసంలో ఏముంది? రాసింది తనే కనుక, అందులో అంత లేదని అరవింద్‌కు బాగా తెలుసు.

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సు బీచుపల్లి దగ్గర వంతెన ఎక్కింది. కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పోతోంది. అతని చూపు నీళ్ల మీదే ఉంది గాని లోపలి మాట ఆగలేదు. రోహిణి. పంతొమ్మిది సార్లు. ఎక్కువగా పొద్దున ఆరింటికి.

అతను పనిచేసేది చాలా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో. దుకాణాల వాళ్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, కాని కొనమని ఎవరి వెంటా పడదు. ఇన్‌బౌండ్ మార్కెటింగ్ అంటారు దాన్ని. చిక్కులో పడ్డ మనిషి ఫోన్‌లో వెతుక్కుంటూ వస్తే అక్కడ జవాబు ఉండాలి. నచ్చితే పేరు, మెయిల్ ఇస్తాడు. సందేహాలు అడుగుతాడు. ఎప్పుడో ఒకనాడు తనే కొంటానంటాడు. చేరిన రోజునే మేనేజర్ ప్రేమ్ కుమార్ నవ్వుతూ చెప్పాడు: "బీచుపల్లి గుళ్లె అంజన్న ఎవరికన్న ఫోన్ చేస్తడా? అయినా జనం వస్తలేరా? మనం గట్ల కూసోవాలె."

రెండేళ్లయినా అరవింద్‌కు ఆ ఆశ్చర్యం తీరలేదు. వనపర్తిలో ఓ మేడ మీద గదిలో తను రాసిన నాలుగు మాటల దగ్గరికి, మొహం తెలియని వేలమంది, ఎవరూ పిలవకుండా ఒక్కొక్కరే నడిచి వస్తున్నారు. స్క్రీన్ మీద ఆ రాకను, పేరు ఇచ్చినవాళ్లు ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో చూస్తుంటే ఒళ్లు జలదరించేది.

గద్వాలలో చీరలు నేసి అమ్మే రోహిణి కూడా అలాగే వచ్చింది, కాకపోతే తగాదాకు వచ్చింది. గద్వాల చీరను ఒక మనిషి ఆరు రోజుల్లో నేస్తాడని అతను ఒక వ్యాసంలో రాశాడు. వెంటనే మెసేజ్: "ఒక్కడే నేస్తడా సారూ? అవతలి దిక్కు నాడె ఎవరు విసుర్తరు, మీ కంపెనీనా?"

దిద్దుకుని థాంక్స్ చెప్పాడు. ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. మెయిళ్లు ఫోన్‌లయ్యాయి. నాలుగు నెలల్లో ఆమె చీర కొనమని జనాన్ని అడగడం మానేసి, దాన్ని ఎలా ఉతకాలో, ఎలా మడతపెట్టాలో తన సైట్‌లో రాయడం మొదలుపెట్టింది. ఇప్పుడు పుణె నుంచి కూడా ఆడవాళ్లు తామే వెతుక్కుని వస్తున్నారు. ఆ కథను తమ సైట్‌లో పెట్టాలని కంపెనీ అతన్ని పంపింది.

పోయిన వారం ఫోన్‌లో, నా రాతలు చదువుతారా అని అడిగాడు. యాదికొస్తే అప్పుడప్పుడు చూస్తానంది. ఆ క్షణాన అతని ఎదుట స్క్రీన్ మీద ఆ అంకె ఉంది. ముందు నవ్వొచ్చింది. తరువాత సిగ్గు. ఆమె దాచుకున్నదాన్ని తను కిటికీలోంచి తొంగిచూశాడు. ఆ సంగతి చెప్పకుండా ప్రేమిస్తున్నానంటే అది దొంగతనం. చెబితే ఆమె తలుపు మూసేయవచ్చు, తప్పు పట్టడానికి ఉండదు.

గద్వాలలో ఆమె ఇంట్లో మగ్గానికి ఒక పక్క రోహిణి, ఇంకో పక్క ఆమె తండ్రి తిమ్మప్ప ఉన్నారు. కూర్చోమని కళ్లతోనే చెప్పారు గాని పని ఆపలేదు. నడుమ నూలు, అంచులకు పట్టు. పోగును మోసే నాడె అటూ ఇటూ పోయిన ప్రతిసారీ రెండు పోగులూ ఒకదాన్నొకటి చుట్టుకుని వెనక్కి మళ్లుతున్నాయి. తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడం లేదు, తలెత్తడం లేదు. అయినా ఒకరి చెయ్యి ఎప్పుడు వస్తుందో ఇంకొకరికి తెలుసు. అరవింద్ ఆ చేతులనే చూశాడు. ఇలాంటిదాన్ని ఒక్క మనిషి పని అని రాశాడు తను.

రేకుల మీద చినుకులు మోగాయి. పెరట్లో దండెం మీద చిలపలుగా ఆరేసిన నూలు తేవడానికి తిమ్మప్ప లేచాడు.

"ఇగ అడుగుండ్రి, సారూ," అంది రోహిణి. "ఏం రాసుకుంటరో."

"అడిగేది కాదు, చెప్పేది ఉంది." అతను సంచిలోంచి లాప్‌టాప్ తీసి తెరిచాడు. "మీరు ఏ పేజీ ఎన్నిసార్లు చదివిన్రో నాకు కనవడ్తది. ఆ ఒక్క వ్యాసం పంతొమ్మిది సార్లు. రోజూ చూసుకుంట కూసున్న. మీకు చెప్పలే. తప్పు చేసిన."

ఆమె నాడెను ఒళ్లో పెట్టుకుంది. వాన పెద్దదైంది. ఆమె అతన్నే చూసింది. ఆ చూపులో కోపం ఎంతుందో అతనికి అంతుపట్టలేదు.

"ఎవరు ఎన్నిసార్లు చూసిన్రో తెలుస్తదని నేను తెరిచిన ఆ వ్యాసంల రాసింది ఎవరు?"

"నేనే."

"నా సైట్‌కు ఆ లెక్క పెట్టుకొమ్మన్నది?"

"నేనే."

"మరి నాకు తెల్వదనుకున్నవా?" మొదటిసారి నువ్వు అంది. "నీకు కనవడాలనే తెరిచిన. కస్టమర్ తనంతట తనే వస్తదని కూసున్నవు. పంతొమ్మిది సార్లొచ్చిన. ఇంక ఎన్నిసార్లు రావాలె?"

ఇన్నాళ్లూ చూస్తున్నది తనొక్కడే అనుకున్నాడు. అవతల కూర్చుని ఆమె, తను చూస్తున్నాడని తెలిసి, పొద్దున్నే వచ్చి తలుపు తట్టి పోయేది.

పెరట్లో తిమ్మప్ప రెండు భుజాల మీదా నూలు చిలపలు వేసుకుని, ఇంకా దండెం మీద మిగిలినవాటికి చెయ్యి చాలక నిలబడ్డాడు.

అరవింద్ లాప్‌టాప్ మూశాడు. ఎవరూ పిలవకముందే వానలోకి దిగి, మిగిలిన చిలపలు తన భుజాన వేసుకుని, "మామా, మీతోని ఒక మాట చెప్పాలె," అన్నాడు.