గేరు జారే వేళ

ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి ఎంతటి మొనగాడికైనా నడక వేగం పెరిగేది. మలుపులో ఓ రేకుల షెడ్డు, దానికి తుప్పుపట్టిన తాళం. లోపల తాతల కాలం నాటి ట్రాక్టరు తప్ప ఇంకేమీ లేదని అందరికీ తెలుసు. అయినా రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో లోపలి నుంచి వినిపించేది... ముందు "టక్" అని, ఆ వెంటనే బరువైనదేదో రాతికి తగిలినట్టు "దభ్" అని.

రోజుకి ఒక్కసారే.

పాలవాడు ఆ చప్పుడు విని క్యాను పారేసి పరిగెత్తాడని చెప్పుకుంటారు. చెయ్యి జారిందంటాడు వాడు. సరే, వాడి పరువు వాడిది.

మూడేళ్ళ కిందట ఆ ట్రాక్టరు కిందే దాన్ని నడిపే పెద్దాయన పోయాడు. ఏటవాలులో బండి ఆపి, దిగి, వెనక నాగలి తగిలిస్తుంటే బండి వెనక్కి దొర్లింది. "గేరు వేయకుండా దిగాడు. అజాగ్రత్త!" అని తేల్చేశారు జనం. తేల్చినవాళ్ళలో ఒక్కడూ ట్రాక్టరు ఎక్కిన పాపాన పోలేదు.

ఆయన తమ్ముడు మెకానిక్కు. అతను మాత్రం ఔననలేదు, కాదనలేదు. బండిని షెడ్డులోకి తోయించి, న్యూట్రల్‌లో పెట్టి, నేల వెనక్కి వాలుగా ఉందని వెనక చక్రాలకి ఆనించి రెండు రాళ్ళు వేసి, తాళం బిగించి, ఉన్న ఒక్క తాళంచెవీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అటు తొంగిచూస్తే ఒట్టు.

ఒకరోజు వదిన అతని వర్క్‌షాపుకే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"షెడ్డు తియ్యి. బండి విప్పి చూడు."

"ఇప్పుడెందుకు వదినా..."

"'మీ నాన్న తన తప్పు వల్లే పోయాడటగా' అని స్కూల్లో మా పిల్లతో ఎవరో అన్నారట. అది రెండ్రోజులుగా సరిగ్గా తినడం లేదు. మీ అన్నయ్య గేరు వేయకుండా ఏనాడైనా బండి దిగాడా? నువ్వు చెప్పు! పోయాక కూడా ఆ నింద ఆయనే మొయ్యాలా?"

అతను టూల్‌బాక్స్ సర్దుకున్నాడు. రోగం కనిపించే వేళకే బండిని చూడాలనేది అతని పద్ధతి. అందుకే ఇద్దరూ చీకటి పడ్డాక, ఆ చప్పుడు వచ్చే వేళకే వెళ్ళారు. టార్చి వదిన పట్టుకుంది.

తాళం తీయడానికే పావుగంట పట్టింది. నేల మీద వేలు మందాన దుమ్ము. స్టీరింగు నిండా సాలెగూళ్ళు. అతను గేరు రాడ్ వైపు చూశాడు.

బండి మొదటి గేరులో ఉంది.

చక్రాలు కూడా రాళ్ళకి ఆనుకుని లేవు. జానెడు ఎడం ఉంది.

తను న్యూట్రల్‌లో పెట్టలేదా? ఆ రోజు మనసు మనసులో లేదు కదా, పొరపాటు పడి ఉంటాను... అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

"ఉష్..." అంది వదిన.

రాడ్ వణికింది. ఎవరూ ముట్టుకోలేదు. కొద్దికొద్దిగా వెనక్కి జరిగి... టక్!

బండి వెనక్కి దొర్లి రాళ్ళకి తగిలింది. దభ్!

వదిన అతని మోచెయ్యి పట్టుకుంది. అతను భయపడలేదు. భయపడి ఉంటే బాగుండేది. ఆ చప్పుడేమిటో అతనికి తెలుసు.

గేరు దానంతటదే జారిపోవడానికి కారణాలు నాలుగైదుంటాయి. గేరు పళ్ళు అరిగిపోవచ్చు, గేరుని జరిపే ఫోర్కు వంగిపోవచ్చు. అతను అవేవీ చూడలేదు. స్పానరు తీసి, గేర్‌బాక్స్ మూత పక్కనున్న చిన్న బోల్టు విప్పాడు. గేరుని వేసిన చోటే పట్టి ఉంచేది ఆ బోల్టు కిందే ఉంటుంది. ఒక ఉక్కు గోళీ, దాన్ని అదిమిపట్టే ఒక స్ప్రింగు.

గోళీ ఉంది. స్ప్రింగు లేదు.

అన్నదమ్ములకి ఒక అలవాటుండేది. గేర్‌బాక్స్ విప్పితే చిన్న సామాను ఏదీ కింద పెట్టేవాళ్ళు కాదు. అన్నయ్య పక్కన నిలబడి అరచేతిలో పట్టుకునేవాడు, తమ్ముడు ఒక్కొక్కటే తీసుకుని బిగించేవాడు. ఆ చెయ్యి ఖాళీ అయితే పని అయినట్టు. ప్రమాదానికి ముందురోజు మాత్రం, ఈ గేర్‌బాక్సే బిగిస్తుండగా ఏదో చిన్న మాట మీద తమ్ముడికి రోషం వచ్చింది. "నేనేం చిన్నపిల్లాణ్ణా? వెళ్ళు, నేను చూసుకుంటా" అన్నాడు. అన్నయ్య నవ్వి వెళ్ళిపోయాడు. స్ప్రింగు తమ్ముడి చొక్కా జేబులోనే ఉండిపోయింది.

అంత్యక్రియలయిన మర్నాడు అతని భార్య చొక్కా ఉతుకుతూ అడిగింది, ఇదేమిటని. ఏదో బండిదిలే అన్నాడు. మూడేళ్ళుగా తనకి తను కూడా అదే చెప్పుకున్నాడు.

ఇప్పుడు దాన్ని టూల్‌బాక్స్ అడుగు నుంచి తీశాడు. రంధ్రంలో పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయింది. మళ్ళీ బయటికి తీశాడు.

"అన్నయ్య గేరు వేసే దిగాడు వదినా. నేనే... నేనే ఇది వేయలేదు."

టార్చి వెలుగు అతని మొహం మీద నిలిచిపోయింది.

"తెలిసీ... మూడేళ్ళు నన్ను ఆ మాటలు పడనిచ్చావు."

అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు. ఏడుపు ఆగాక అంది, "రేపు పొద్దున్నే పిల్లకి చెప్పాలి. తర్వాత అందరికీ. నీ నోటితోనే."

"చెప్తా."

అతను లేచి, స్ప్రింగుని రంధ్రం దగ్గర పెట్టాడు.

"ఇది వేసేస్తే ఇక జారదు వదినా. చప్పుడూ ఉండదు. నువ్వు రోజూ వచ్చి గేరు వేస్తున్నా కూడా..."

"నేనా?"

"నువ్వు కాదా? ఎవరో ఒకరు బండి ముందుకి తోసి గేరు వేస్తేనే కదా, అది మళ్ళీ జారేది!"

"తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది..."

ఇద్దరూ నేల వంక చూశారు. దుమ్ములో ఉన్నవి రెండు జతల అడుగులే. ఆమెవి, అతనివి.

వదిన ఖాళీ సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. చప్పున వంగి, అతని మణికట్టు పట్టుకుంది.

"వేయకు."

"వదినా..."

"వేయకు అబ్బాయ్! వేస్తే... ఆయన వచ్చినట్టు నాకు ఎలా తెలుస్తుంది?"