టీచరమ్మ పల్లం

రైలు వంతెన కిందికి దిగే ఆ రోడ్డుకి కాగితాల మీద పేరేదో ఉంది. అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ తెలిసిన పేరు టీచరమ్మ పల్లం.

మూడేళ్ల కిందట ఒక టీచరమ్మ అక్కడే కారు స్తంభానికి గుద్దుకుని పోయింది. అప్పట్నుంచి, చీకటి పడ్డాక పల్లంలోకి దిగిన కార్ల ఇంజన్లు ఉన్నట్టుండి ఆగిపోతాయట. లైట్లు ఆరిపోతాయట. స్టీరింగ్ బిగుసుకుపోతుందట — ఆవిడే వచ్చి పట్టుకుంటుందట. కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు గానీ, చూసినవాళ్లని ఎరిగినవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు.

ఆ దగ్గర్లోనే ఉండే ఒక నర్సు ఇలాంటివి నమ్మే మనిషి కాదు. మనుషులు ఎంత చప్పుడు లేకుండా పోతారో ఆసుపత్రిలో రోజూ చూస్తూనే ఉంటుంది. అయినా కూతురు కారులో ఉంటే మాత్రం చుట్టూ తిరిగే వెళ్లేది. ఎందుకొచ్చిన గొడవ అనుకునేది, అంతే.

ఆరోజు ఆ చుట్టుదారి పైపుల కోసం తవ్వేశారు. ఏడున్నరైంది. ఆరేళ్ల కూతురు వెనక సీట్లో నిద్రపోతోంది. నర్సు పల్లం వైపు తిప్పింది.

దిగుడు మొదట్లో రోడ్డుకి అడ్డంగా ఒక ఇనప పట్టీ ఉంది. చక్రం దాని మీద ఎగిరిపడింది.

ఇంజన్ ఆగింది. లైట్లు పోయాయి. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి — కారు తప్ప.

స్టీరింగ్ తిప్పబోయింది. తిరగలేదు. అవతల ఎవరో కూర్చుని గట్టిగా పట్టుకున్నట్టే ఉంది. బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి రాయైపోయింది. ముందు నల్లగా స్తంభం... దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి...

రెండు చేతులతో హ్యాండ్ బ్రేక్ పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. కారు కీచుమని అడ్డం తిరిగి, స్తంభానికి జానెడు దూరంలో ఆగింది.

చీకటి. పైన నీళ్లు కారుతున్న చప్పుడు. కూతురు లేవలేదు. ఊపిరి ఆడుతోందో లేదో చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుంది.

అప్పుడు — గోడ వారగా తెల్లగా ఏదో కదిలింది. తిన్నగా ఇటే వస్తోంది. అరుద్దామంటే పాప లేస్తుంది.

అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టిన చప్పుడైంది.

"పాపని లేపకండి," అంది ఒక గొంతు, గుసగుసగా. "తాళం పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పండి."

తిప్పింది. లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో కనబడ్డది తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. చేతిలో ఆరిపోయిన టార్చి. గడ్డం గీసుకుని నాలుగు రోజులై ఉంటుంది.

"తాళాల గుత్తి తీసేసి ఒక్క తాళమే ఉంచండమ్మా. కుదుపుకి బరువు లాగితే తాళం దానంతటదే వెనక్కి తిరుగుతుంది. లోపల స్విచ్ వదులు. ఈ మోడల్ కార్లన్నీ ఇంతే."

"మీకెలా తెలుసండీ?"

ఆయన ఆరిపోయిన టార్చి జేబులో పెట్టుకున్నాడు.

"టీచరమ్మ మా ఆవిడ," అన్నాడు. "రోజూ ఈ వేళకి వచ్చి నిలబడతాను. ఇక్కడ ఆగిన కార్లు పద్నాలుగు చూశాను. పదకొండు ఈ మోడలే, నంబర్లన్నీ రాసిపెట్టుకున్నాను. తను చూసుకోకుండా నడిపిందని పోలీసులు రాశారు. తను పోయిన ఇరవయ్యో రోజున కంపెనీ ఉత్తరం వచ్చింది... తన పేరు మీదే. కారు తీసుకురండి, స్విచ్ ఊరికే మారుస్తామని."

నర్సు గుత్తిలోంచి మిగతా తాళాలు తీసేసింది.

"ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లోవాళ్ల పిల్లలకి లెక్కలు చెప్పిందండీ. వీళ్లే దాన్ని దెయ్యం చేసి కూర్చోబెట్టారు." కారు వైపు చూశాడు. "సెకండ్ హ్యాండ్ లా ఉంది. ఎవరి దగ్గర కొన్నారు? ఉత్తరాలు వాళ్లకి వచ్చి ఉంటాయి."

కొన్నది బావగారి దగ్గర. ఆమె భర్తకి సొంత అన్న. బయటివాళ్ల దగ్గరెందుకు, ఇంట్లో కారు ఇంట్లోనే ఉంటుందని ఆయనే పిలిచి మరీ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లింది. బావగారు వసారాలో గోళ్లు తీసుకుంటున్నాడు.

"కారు గురించి కంపెనీ నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా బావగారూ?"

గోళ్లకత్తెర ఆగింది. "వచ్చినట్టే గుర్తు. రెండో మూడో."

"మాకు చెప్పలేదు."

"కంపెనీలన్నాక సవాలక్ష పంపుతాయమ్మా. అవన్నీ చెబితే తమ్ముడు కొనేవాడా?" మళ్లీ గోళ్లలో పడ్డాడు. "అయినా ఏం కాలేదుగా."

ఆ రాత్రి భర్త అంతా విన్నాడు. పాపకి దుప్పటి సరిగ్గా కప్పాడు. "అన్నయ్యని నిలదీస్తే బాగుండదు," అన్నాడు.

సర్వీస్ సెంటర్లో స్విచ్ మార్చారు. రూపాయి తీసుకోలేదు. అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంటా నర్సు బయట బెంచీ మీద కూర్చుని రవాణా శాఖకి ఫిర్యాదు రాసింది, పెద్దాయన ఇచ్చిన పదకొండు కార్ల నంబర్లతో సహా. ఫిర్యాదు అందిందని జవాబొచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

ఆదివారం బావగారింట్లో భోజనాలు. చుట్టుపక్కలవాళ్లు కూడా వచ్చారు. మాటల్లో పల్లం సంగతి వచ్చేసరికి బావగారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఎవరో ఎందుకు, మా మరదలికే ఎదురైంది," అన్నాడు గొంతు తగ్గించి. "కారు ఆపేసింది. తెల్ల బట్టలు... అద్దం కొట్టి పిలిచిందట."

పక్కింటావిడ నర్సు వైపు వంగింది.

"నిజంగా చూశావా అమ్మా? దెయ్యం ఎలా ఉంటుంది?"

భర్త వద్దన్నట్టు చూశాడు. నర్సు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"చూశానండీ. మామూలు మనిషిలాగే ఉంటుంది," అంది నెమ్మదిగా. "ఉత్తరం వస్తే చదువుకుంటుంది. చదివి, దాచేసి... కారు తమ్ముడికి అమ్ముతుంది."