నాలుగో బోగీలో రెండడుగులు

బోగీల కార్ఖానా ఫోర్‌మన్‌ని పట్టపగలు పదకొండింటికి, రంగులు వేసే షెడ్డులో కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు, ఒకే ఒక్క గుండు. చుట్టూ సుత్తులు మోగుతుండటంతో ఎవరికీ వినపడలేదు. చనిపోయినవాడి పిడికిట్లో నలిగిన బ్లూప్రింట్ ముక్క ఒకటి దొరికింది.

గంట తిరక్కుండా ఆ ముక్క పెద్దాయన బల్ల మీదికి వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని తాబేలు అంటారు. అతను తొందరపడగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

యుద్ధం మొదలయ్యాక పాసింజర్ బోగీలని ఆసుపత్రి బండిగా మార్చింది ఆ ఫోర్‌మనే. సీట్లు పీకించి మూడంతస్తుల స్ట్రెచర్ ర్యాకులు బిగించాడు. తలుపులు వెడల్పు చేయించాడు. నాలుగో బోగీ అంతకుముందు భోజనశాల. దాన్ని ఆపరేషన్ థియేటర్ చేశాడు. బ్లూప్రింట్ ఆ బోగీదే. పైకప్పు కింది నీళ్ల ట్యాంకు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

"ట్యాంకు బయటి కొలత ఆరడుగులు, లోపలి కొలత నాలుగు," అన్నాడు పెద్దాయన. "మిగతా రెండడుగుల్లో ఏముందంటావ్?"

"నీళ్లు మాత్రం కాదు సార్."

పెద్దాయన నవ్వలేదు. ఆ బండి రెండొందల నలభైమంది క్షతగాత్రులతో యుద్ధరంగం నుంచి అప్పటికే తిరుగుముఖం పట్టింది. సాయంత్రం అయిదింటికి నది మీది పెద్ద వంతెన దాటుతుంది. సైన్యానికి తిండీ మందుగుండూ వెళ్లడానికి ఉన్నది ఆ ఒక్క వంతెనే. దాని మీదికి ఎక్కే ప్రతి బండినీ సోదా చేస్తారు, ఆసుపత్రి బండిని తప్ప. దారిలో ఆపుదామంటే, బాంబు పేల్చాల్సిన చెయ్యి కూడా బండిలోనే ఉంది. అనుమానం తగిలిందో, ఉన్నచోటే పేల్చేస్తుంది.

"ఎవరి చెయ్యి?"

పెద్దాయన గోడ మీది పోస్టర్ వైపు చూశాడు. తెల్ల యూనిఫాంలో, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె ఒకామె, నర్సులుగా చేరమని పిలుస్తూ నవ్వుతోంది. ఏ స్టేషన్‌లో చూసినా ఆ పోస్టరే. ఆ బండికి హెడ్ నర్స్ ఆమె. విదేశీ ముఠాలోకి డిపార్ట్‌మెంట్ చొప్పించిన డబుల్ ఏజెంట్ కూడా ఆమే. మూడు వారాలుగా ఆమె దగ్గర్నుంచి రిపోర్టు లేదు.

"మన మనిషే. మొన్నటిదాకా," అన్నాడు పెద్దాయన. "మీ వదిన కాబట్టే నిన్ను పంపుతున్నాను."

తాబేలు తల వంచుకున్నాడు. సరిహద్దు అవతలికి డ్యూటీ మీద వెళ్లిన అన్నయ్య గురించి వదిన దగ్గర ఏడాదిగా దాచిన మాట ఒకటి అతని గుండెల్లో బండరాయిలా ఉంది.

మూడింటికి బొగ్గు కోసం బండి ఆగిన స్టేషన్‌లో, మొహమంతా కట్లు కట్టిన 'కాలిన గాయాల కేసు' ఒకటి ఎక్కించారు. తాబేలు కుడిచేతి పిండికట్టు లోపల చిన్న పిస్తోలు ఉంది. ర్యాకు పక్కన 'టికెట్టు లేని ప్రయాణం నేరం' అన్న పాత బోర్డు అలాగే ఉంది. బోగీ నిండా ఫినాయిలు వాసన. కింది ర్యాకులో కాలు పోయిన సిపాయి, లేని కాలు దురద పెడుతోందని, కాస్త గోకమని వచ్చేపోయేవాళ్లని బతిమాలుతున్నాడు.

వదిన వచ్చింది. పోస్టర్‌లోని నవ్వు లేదు. తాబేలు గొంతు మార్చి కోడ్ వర్డ్ వదిలాడు. "సిస్టర్, ఈ బండిలో కిటికీ తెరుచుకుంటుందా?"

'వాన వెలిశాక' అని ఆమె జవాబివ్వాలి. ఆమె దుప్పటి సర్ది, మెల్లిగా అంది. "మొహం బాగానే దాచావు. కాళ్ల సంగతి మరిచిపోయావు. ఆ వంకర బొటనవేలు మా పెళ్లిలో బల్లకి తన్నుకున్నది. కదలకుండా పడుకో. సాయంత్రానికి అన్నీ సర్దుకుంటాయి."

ఆమె వెళ్లగానే లేద్దామనుకున్నాడు. తలుపు దగ్గర ఆర్డర్లీలు స్ట్రెచర్లు మారుస్తూ గంటన్నర కదల్లేదు. ఇంజను వంతెన కూత వేశాక గానీ దారి దొరకలేదు.

నాలుగో బోగీలో ఆపరేషన్లు అయిపోయాయి, నేల కడిగి ఉంది. వదిన స్టూలు మీద నిలబడి ఉంది. ట్యాంకు పక్కన చిన్న తాళం, అందులో తాళంచెవి, దాని మీద ఆమె వేళ్లు. తాబేలు పిండికట్టు ఎత్తి గురిపెట్టాడు. కాలిస్తే ఆమె పడుతుంది. పడేటప్పుడు తాళంచెవి తిరుగుతుంది.

"ఇది వైర్‌లెస్," అంది వదిన. "వంతెన మీద ఆన్ చేస్తే చాలు, మీ అన్నయ్యని వదిలేస్తారు. ఆయన ఉత్తరం చూపించారు."

"బాంబు వదినా. అది కనిపెట్టినందుకే ఫోర్‌మన్‌ని చంపేశారు."

"అబద్ధాలాడటమే మన ఉద్యోగం. నిన్నెందుకు నమ్మాలి?"

చక్రాల చప్పుడు బోలుగా మారింది. బండి వంతెన ఎక్కేసింది. చైను లాగుదామంటే ఈ బోగీల్లో చైన్లు లేవు. జ్వరంలో కలవరించేవాళ్లు లాగేస్తున్నారని పీకేశారు.

తాబేలు చెయ్యి దించి మొహం మీది కట్లు విప్పుకున్నాడు.

"అన్నయ్య లేడు. పోయి ఏడాదైంది. ఆ ఉత్తరం దొంగది. సరిహద్దు అవతల నా చేతులతోనే పూడ్చాను. బయటికి పొక్కితే అక్కడున్న మనవాళ్లు ముగ్గురు దొరికిపోతారని నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను."

ఆమె వేళ్లు కదల్లేదు.

"పోయేటప్పుడు అన్నయ్య ఒంటి మీద నువ్వల్లిన స్వెట్టర్ ఉంది. దాని ఎడమ చెయ్యి బెత్తెడు పొట్టి. ఆ సంగతి మీ వదినకి చెప్పకురా అన్నాడు. ఆఖరి మాట అదే."

కిటికీ బయట ఇనుప దూలాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. వంతెన సగానికి వచ్చింది.

"నాతో రెండు చేతులూ సమానంగా ఉన్నాయన్నారు," అంది వదిన.

తాళంచెవిని ఏ పక్కకీ తిరగనివ్వకుండా తిన్నగా బయటికి లాగింది. స్టూలు దిగి వచ్చి అతని చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత అక్కడే నేల మీద కూలబడిపోయింది. బండి ఒడ్డు చేరేదాకా తాబేలు పక్కనే కూర్చున్నాడు.

ముఠాలో ఏడుగురి పేర్లూ ఆమే చెప్పింది. పేలుడు చూద్దామని నది ఒడ్డున బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నవాడితో సహా, దీపాలు పెట్టేలోపే అందరూ దొరికారు. ఆమెని అరెస్టు చేశావా అని పెద్దాయన ఫోన్‌లో అడిగాడు. ఇంకా నలభైమందికి కట్లు మార్చాల్సి ఉందనీ, తీసుకెళ్లడానికి వచ్చిన ఇద్దరు పోలీసుల చేతే ఆమె దూది మోయిస్తోందనీ తాబేలు చెప్పాడు.

తర్వాత ప్లాట్‌ఫారం బెంచీ మీద రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. గాయాల కాలమ్‌లో 'ఎడమ చెంప వాచింది' అని రాశాడు. కారణం అన్నచోట కాసేపు పెన్ను నమిలి, 'ఏడాది ఆలస్యం' అని పూర్తిచేశాడు.