నలభై ఒకటో నంబరు సీసా

"ప్రయోగం ఆపేశారట!"

ఫోను పెట్టేసి లియాండర్ ఆ మాట అనగానే సెలీనా చేతిలోని అట్లకాడ జారి పొయ్యి మీద పడింది. పెనంలో రొట్టెపిండి ముద్దలు పందికొవ్వులో మాడిపోతున్నాయి. ఆమెకు ఆ వాసన కూడా తెలియడం లేదు.

"ఆపేయడమేమిటి? ఇంకా ఏడాది ఉంది కదా! మందు పనిచేయలేదా?"

"ఏమో మరి! డాక్టర్ కావనా ఏడుస్తోందో నవ్వుతోందో నాకర్థం కాలేదు. పదకొండింటికి ముగ్గురినీ చర్చి హాలుకి రమ్మంది. అమ్మ సీసా కూడా తెమ్మంది. ఏ సీసాలో ఏముందో ఇవాళ విప్పి చెప్పేస్తారట."

విప్పి చెప్పేస్తారట...! సెలీనా చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పక్కన కుర్చీలో అత్తగారు డ్రుసిల్లా, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, మనవరాలికి చేతితొడుగు అల్లుతోంది. తల కూడా ఎత్తలేదావిడ.

"మాడుతోంది చూడవే సెలీనా. మందు సంగతి తర్వాత, ముందు పెనం సంగతి చూడు!"

కెనడా తూర్పు కొసన, ఆ న్యూఫౌండ్లాండ్ రేవులో ఆ వంశం కథ తెలియనివాళ్లు లేరు. డ్రుసిల్లా అన్నదమ్ములిద్దరూ యాభై దాటకుండానే, నీటి ఒడ్డునే ఉండి నీళ్లలో మునిగినవాళ్లలా ఊపిరాడక పోయారు. రెండేళ్ల కింద ఆవిడ పెద్దకొడుకు హ్యూబర్ట్ పోయాడు, నలభై ఆరేళ్లకే! ఊపిరితిత్తులు తోలులా గట్టిపడిపోయే జబ్బు అది. తల్లి నెత్తుటిలోంచి బిడ్డ నెత్తుటిలోకి దిగుతుంది. డెబ్బై ఏళ్లొచ్చాక డ్రుసిల్లానీ పట్టుకుంది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ల లియాండర్‌నీ పట్టుకుంది!

సెయింట్ జాన్స్ పట్నం నుంచి డాక్టర్ కావనా కొత్త మందుతో వచ్చినప్పుడు ఊరంతా దేవుడే దిగివచ్చాడనుకుంది. కానీ ఆవిడ షరతులు ఆవిడకున్నాయి. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తి పిండి. ఎవరికేదో ఆవిడకే తెలియదు. ఇంకో షరతు అంతకన్నా ఘోరం... ఒక ఇంటికి ఒక్కరే! "ఒకే బల్ల మీద రెండు సీసాలుంటే ఎవరిది ఎవరు మింగారో ఆ పైవాడికి కూడా తెలియదమ్మా" అని తేల్చేసింది.

ఆ రోజు తల్లీకొడుకుల మధ్య జరిగిన పోట్లాట సెలీనా చచ్చేదాకా మరిచిపోదు! "కాటికి కాళ్లు చాచుకున్నదాన్ని, నాకెందుకురా? నువ్వు తీసుకో" అని తల్లి. "నువ్వు సంతకం పెట్టకపోతే ఆ డాక్టర్ని గుమ్మం తొక్కనివ్వను" అని కొడుకు. అరిచి అరిచి ఇద్దరూ దగ్గుతూ చెరో కుర్చీలో కూలబడ్డారు. చివరికి కొడుకు మొండితనమే గెలిచింది. నలభై ఒకటో నంబరు సీసా డ్రుసిల్లాకు వచ్చింది. రోజూ పొద్దున్నే మాత్ర ఇచ్చి డైరీలో టిక్కు పెట్టే పని కోడలిది.

మొదటి నెల పరీక్షలో డ్రుసిల్లా కిందటిసారి కంటే నలభై మీటర్లు ఎక్కువ నడిచింది. చర్చి హాల్లో ఈ చివర ఒక నారింజరంగు డబ్బా, ఆ చివర ఒకటి పెట్టి, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో కొలుస్తారు. ఎవరూ చెయ్యి పట్టుకోకూడదు. "అసలు మందే పడింది మా అమ్మకి!" అని లియాండర్ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఆ వారమే నవంబరు చలిలో, పడవలోంచి ఎండ్రకాయల బోను లాగుతూ, పెదాలు నీలిరంగు తిరిగి పడిపోయాడు...

మర్నాడు పొద్దున సెలీనా గొట్టం మాత్రను రెండుగా విప్పింది! లోపలి పొడిని నల్లబెల్లం పాకంలో కలిపి మొగుడి రొట్టె మీద పోసింది. ఖాళీ గొట్టంలో పాలపొడి కూరి, మూసి, అత్తగారి అరచేతిలో పెట్టింది. "అయ్యో, ఏమిటి చేస్తున్నావే పాపిష్టిదానా!" అని ఆమె మనసు ఆమెను తిట్టకపోలేదు. కానీ పన్నెండేళ్ల కూతురు ఊనా గుర్తొచ్చింది, రేపు తండ్రి లేనిదైపోయే ఊనా! టిక్కు పెట్టింది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు... ఎనిమిది నెలలు పెట్టింది!

లియాండర్ తేరుకున్నాడు. రేవు మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కాడు. డ్రుసిల్లా మాత్రం నెలనెలా కుంగిపోయింది. మూడువందల యాభై మీటర్లు మూడు వందలైంది, రెండువందల అరవై అయింది, చివరికి రెండు వందల పది! ఆ అంకె విన్న ప్రతిసారీ సెలీనా ఇంటికొచ్చి గుడ్డల గదిలో తలుపేసుకుని నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు మళ్లీ పాలపొడి కూరింది.

పదకొండింటికి చర్చి హాలు కిక్కిరిసిపోయింది. డాక్టర్ కావనా అందరి ముందుకూ వచ్చి నిలబడింది.

"మందు పనిచేస్తోంది! ఇంత బాగా పనిచేస్తోందని తెలిశాక కూడా సగం మందికి పిండి ఇస్తూ కూర్చోవడం పాపం. అందుకే ఆపేశాం. ఇవాళ్టి నుంచి జబ్బున్న ప్రతి ఒక్కరికీ అసలు మందే! ఒక ఇంటికి ఒక్కరనే నియమం కూడా లేదు!"

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. ముసలివాళ్లు కావలించుకున్నారు. సెలీనా ఒక్కతే కొయ్యబారిపోయింది. పనిచేసే మందు... ఎనిమిది నెలలు తను అత్తగారి నోటికాడి నుంచి లాక్కున్నది పనిచేసే మందు! హంతకురాలు... నేను హంతకురాలిని!

హాలు వెనక వంటగదిలోకి ఒక్కొక్క కుటుంబాన్నీ పిలిచారు. వీళ్ల వంతు వచ్చింది. డాక్టర్ కవరు చింపింది. చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"క్షమించండి డ్రుసిల్లా పెద్దమ్మా... నలభై ఒకటో సీసాలో మందు లేదు. మొదటి రోజు నుంచీ మీకు వచ్చింది ఉత్తి పిండే."

లియాండర్ ముఖం పాలిపోయింది. అప్పుడు జరిగింది, ఎవరూ కలలో కూడా అనుకోనిది... సెలీనా పకపకా నవ్వింది! రెండు చేతులూ జోడించి, కళ్ల వెంట నీళ్లు ధారకట్టగా, "అమ్మయ్య! బతికించావు దేవుడా! బతికించావు!" అని అరిచింది.

లియాండర్ ఆమె వైపు తిరిగాడు.

"ఏమిటే ఆ నవ్వు?" లియాండర్ గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా పలికింది. "మా అమ్మకు తొమ్మిది నెలలు మందు అందలేదంటే నీకు పండగలా ఉందా?"

ఎనిమిది నెలలు కడుపులో దాచుకున్నది ఒక్క నవ్వుతో బయటపడిపోయింది. ఇంక దాచి ఏం లాభం? ఆ గచ్చు మీదే మోకాళ్ల మీద కూలబడి మొత్తం చెప్పేసింది... ఆగి, మళ్లీ మొదలుపెట్టి, పాలపొడి దగ్గర నుంచి పాకం దాకా!

"మా అమ్మ ఊపిరి నాకు రొట్టె మీద పోసి తినిపించావా?" లియాండర్ బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "నేను లొట్టలేసుకుని తిన్నానే! ఇంకొంచెం పాకం పొయ్యమని అడిగానే! ఛీ... నువ్వు మనిషివేనా?"

"నువ్వు చచ్చిపోతున్నావు లియాండర్!"

"చస్తే చచ్చేవాణ్ని!"

డాక్టర్ కావనా ముఖం కూడా ఎర్రబడింది. "ఏం చేశావో తెలుస్తోందా అమ్మా? అదే అసలు మందైతే, మందు పడని మనిషిని చూసి మందు పనిచేయలేదని రాసుకునేదాన్ని. ఎందరి ఊపిరి నా రాత మీద ఆధారపడి ఉందో తెలుసా? నీ కూతురిది కూడా! నీ మొగుడి జబ్బు కొన్నాళ్లు తనంతట తానే ఆగింది, అంతే. ఈ జబ్బు ఒక్కోసారి అలా ఆగుతుంది. ఇదంతా నేను పైవాళ్లకు రాయక తప్పదు."

"రాయండి..." అంది సెలీనా. "అంతా రాయండి. అత్తయ్యా, మీరైనా నన్ను ఒక్క మాట తిట్టండి! కొట్టండి! అలా ఊరుకోకండి!"

అంతవరకూ డ్రుసిల్లా కదలకుండా కూర్చుంది. గొంతు సర్దుకుంది.

"తిట్టడానికి ఏముందే? నాకు తెలుసుగా."

ముగ్గురూ ఒక్కసారి ఆవిడ వైపు తిరిగారు!

"గొట్టం మాత్రలు గుటుక్కున మింగడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కొరికి నమిలేదాన్ని. నమలొద్దని డాక్టరమ్మ చెప్పిందిగా, అందుకే మీ ఎవరికీ చెప్పలేదు. మొదటి నెల సున్నం నమిలినట్టుండేది. లియాండర్ పడిపోయిన మర్నాడు నమిలితే తియ్యగా ఉంది, నీ కేకుల్లో వేసే పాలపొడి. అదే పొద్దున్న వాడి గిన్నెలోని పాకాన్ని నువ్వు చెంచాతో అదేపనిగా కలుపుతున్నావు. మందబుద్ధిదాన్నా నేను, అర్థం కాకపోవడానికి?"

"తెలిసీ... ఎనిమిది నెలలు...!" సెలీనా తల పైకెత్తింది. "తెలిసీ ఎందుకు మింగారు అత్తయ్యా? నాలాగే మీరు కూడా సీసాలోది మందే అనుకున్నారుగా!"

"మందే అనుకున్నా. అందుకేనే ఊరుకున్నా! నా నోట్లోంచి తీసి నా బిడ్డ నోట్లో పెడుతోంది, పెట్టనీ అనుకున్నా. నోరు తెరిస్తే నువ్వు మానేస్తావు. ఒక కొడుకుని మట్టిలో పెట్టాను. రెండోవాణ్ని కూడా పెట్టమంటావా?" ఆవిడ ఊపిరి అందక ఆగింది. లియాండర్ పక్కకు వచ్చి ఆక్సిజన్ గొట్టం సరిచేయబోతే చెయ్యి తోసేసింది. "కానీ ఒక్కటి మాత్రం నన్ను కోసేసింది సెలీనా. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం. 'అత్తయ్యా, ఇది ఆయనకిద్దామా' అని ఒక్కమాట అడిగుంటే నా చేత్తో నేనే విప్పి పోసేదాన్ని కదే! నేను ఇవ్వననుకున్నావా? ఇన్నేళ్లలో నన్ను తెలుసుకున్నది అంతేనా?"

ఆ మాటకు సెలీనా అత్తగారి ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తను దొంగిలించింది ఉత్తి పిండి. ఆవిడ ఇచ్చింది మాత్రం ప్రాణం...

ఆ రోజంతా లియాండర్ రేవులో పడవ దగ్గరే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున బల్ల మీద రెండు కొత్త సీసాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తల్లిది, ఒకటి కొడుకుది. పక్కనే డాక్టర్ ఇచ్చిన కొత్త డైరీ. సెలీనా వాటి దగ్గరకు పోవడానికి కూడా సాహసించలేక, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. లియాండర్ రొట్టె ముక్క పాకం లేకుండా ఉత్తదే నములుతున్నాడు.

"ఏమే, నా మాత్ర ఎవరిస్తారు? మీ అమ్మొచ్చి ఇస్తుందా?" అంది డ్రుసిల్లా.

"నేనా అత్తయ్యా? నా చేత్తోనా...?"

"నీ చేత్తోనే. ఇలా రా."

సెలీనా సీసా మూత తీసి, ఒక మాత్ర అత్తగారి నాలుక మీద పెట్టింది. డ్రుసిల్లా అందరి ముందూ దర్జాగా కటుక్కున కొరికింది. అంతే! ముఖమంతా ముడుచుకుపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అబ్బబ్బబ్బ! ఛీ! చేదు... చేదే సెలీనా! విషంలా చేదు!" అంటూ డ్రుసిల్లా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది. "ఇంకా చూస్తావేం? టిక్కు పెట్టు!"

సెలీనా కలం కోసం తడుముకుంది. కన్నీళ్లలో కనబడలేదు. బల్ల అవతల నుంచి లియాండర్, తల ఎత్తకుండానే, ఆ కలాన్ని ఆమె చేతి దగ్గరకు జరిపాడు.