మూత మీది చట్టం

“మూతలు రావట్లేదు మేడంగారో!”

వంటమనిషి పైడితల్లి కేక వీధి చివర మెస్సులోంచి లేచి, సముద్రం ఊళ్లోకి రాకుండా భీమిలి చుట్టూ కట్టిన గోడకు తగిలి, కాలేజీ గేటు దాటుతున్న జోగమాంబ చెవిన పడింది. ఆవిడ పాలిటిక్స్ పిల్లలకు అంతర్జాతీయ చట్టం చెప్పే లెక్చరర్. షుగర్ మనిషి. మాత్ర వేసుకుని, పది నిమిషాల్లో ముద్ద నోట్లో పడాలని వస్తోంది.

మెస్సులో పన్నెండు మంది పిల్లలు ఖాళీ కంచాల ముందు కూర్చుని దిక్కులు చూస్తున్నారు. అన్నం గిన్నెకీ, పప్పు గిన్నెకీ, ఆఖరికి పంచదార డబ్బాకీ తాళాలు. గోడ మీద ఎర్ర లైటు.

“ఏం చేశావయ్యా సన్యాసిరాజూ?” అని ఆ లైటు కింద నిలబడ్డ మనిషిని నిలదీసింది జోగమాంబ.

డాక్టర్ సన్యాసిరాజు ఆ లైటు తయారుచేసిన సైంటిస్టు. దాని పేరు ఆచార మీటర్. సంగతి తేలికే సుమండీ. దేశాల నెత్తిన పోలీసు ఉండడు కదా! రాసుకున్న ఒప్పందాలు సరే, అందరూ ఒకే పని చేస్తూ చేస్తూ, అలా చెయ్యడమే మన విధి అని నమ్మితే అదీ చట్టమే. చేస్తున్నారో లేదో కెమెరా చూస్తుంది. నమ్ముతున్నారో లేదో చేతి బ్యాండు నాడి పట్టి చెబుతుంది. రెండూ కుదిరితే చట్టం, అది తప్పితే తాళం. పాఠం కళ్లకు కడుతుందని జోగమాంబే పోయిన నెల దాన్ని పెట్టించి, అందరి చేతులకీ బ్యాండ్లు వేయించింది.

“నేనేం చెయ్యలేదు మేడం. వడ్డించేవాళ్లు ఆఖర్న తినాలి. ఇదీ ఇక్కడి చట్టం. మీరు నెలగా రోజూ పైడితల్లితో పాటు వడ్డించి ఆఖర్న తిన్నారు. ఇవాళ మీకు షుగరని పిల్లలు ముందే కంచం పెట్టేశారు. ఉల్లంఘన!”

“నేనెప్పుడు ఒప్పుకున్నానూ?”

“కాదనలేదుగా మేడం,” అంది ముందు బెంచీ దమయంతి. “ఆచారం తయారవుతున్నప్పుడే అభ్యంతరం చెప్పాలి, ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని మొన్న మీరే చెప్పారు.”

“నా పాఠం నాకే అప్పజెప్పకే తల్లీ!” జోగమాంబ గడియారం చూసుకుంది. “రాజూ, ముందు దీన్ని కట్టెయ్!”

“స్విచ్ లేదండీ. చట్టానికి స్విచ్ ఉంటే ఎవరు లెక్కచేస్తారని మీరేగా వద్దన్నారు.”

“ఖర్మ! మరి ఇది మారేదెలా?”

“ఒక్కరు మారిస్తే తప్పు. అందరూ కలిసి మారిస్తే కొత్త ఆచారం.”

“అయితే అందరం ఒకేసారి కూర్చుని తిందాం!” అంటూ జోగమాంబ పిల్లల పక్కనే బెంచీ మీద కూలబడింది. సన్యాసిరాజును చొక్కా పట్టుకు లాగి కూర్చోబెట్టింది. లైటు ఎర్రగానే ఉంది.

“ఇంకా నిలబడిందెవర్రా?”

అందరి తలలూ తిరిగాయి. గరిటె పట్టుకుని పైడితల్లి.

“నానా? పంతొమ్మిదేళ్లు ఈ బల్లకాడే నిలబడ్డాను. కూకోమని ఒక్కరన్నారా? నాను కూకుంటే వడ్డించీదెవరు?”

నెల రోజులు ఆఖర్న తిన్నందుకే ఇంత రభస చేశానే అనుకుంది జోగమాంబ. పక్కకు జరిగి చోటిచ్చింది. “ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు. రా అక్కా, కూర్చో.”

పైడితల్లి గరిటె బల్ల మీద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కూర్చుంది.

టక్. టక్. టక్. తాళాలన్నీ ఊడాయి. పప్పు వాసన గుప్పుమంది.

“ముందు మీరు తినండి మేడం,” అన్నాడు సన్యాసిరాజు మర్యాదగా.

“నోరు ముయ్యండి!” అని పద్నాలుగు గొంతులు అరిచాయి. పదిహేను చేతులు ఒక్కసారే గిన్నెల మీద పడ్డాయి.