ఆపరేషన్ రోజున అంబలి

పొద్దున ఆరు గంటలకు మునిశంకర్ పాల క్యాను మూత బిగిస్తూ, బకెట్‌తో వచ్చిన తల్లి దొడ్డమ్మ వైపు చూడకుండానే "నీళ్ళు నేను తోడుకుంటాలే" అన్నాడు. దొడ్డమ్మ బకెట్ కింద పెట్టి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసుకురావడానికి వెళ్ళిపోయింది. నిన్నటి నుంచి తల్లీకొడుకుల మధ్య అంతకు మించి మాటల్లేవు.

కిటికీలోంచి అదంతా చూస్తున్న అతని భార్య శశికళ మంచం మీద కూర్చోలేకపోయింది. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఎనిమిది నెలల కిందట పేగు పగిలి చావు తప్పించుకుని కళ్ళు తెరిచేసరికి, డాక్టర్లు ఆమె పేగు కొసను పొట్ట మీదికి తీసి, మలానికి ఒక బ్యాగు తగిలించి ఉన్నారు. ఆ పేగును మళ్ళీ లోపల కలిపే ఆపరేషన్ నిన్న కోలారులో జరగాల్సింది.

ఆపరేషన్ రోజు పొద్దున నీళ్ళు తప్ప ఇంకేమీ తాగకూడదని డాక్టరు చెప్పాడు. దొడ్డమ్మ నిన్న తెల్లవారుతూనే ఫ్లాస్కులోని రాగి అంబలి కోడలికి పోసిచ్చింది. పలుచటి అంబలి ఆమె దృష్టిలో నీళ్ళే. వాళ్ళ ఊరు బైరకూరులో ఎవరిని అడిగినా అంతే అంటారు. రాగి ముద్ద తింటే తిన్నట్టు, అంబలి తాగితే దాహం తీరినట్టు. నర్సు అడిగితే సంగతి బయటపడింది. కడుపు ఖాళీగా లేదు, కుదరదన్నాడు మత్తు డాక్టరు. పది రోజులు ఆగి రమ్మన్నారు.

పాలు పోసి వచ్చిన మునిశంకర్, కోడలి కోసం వేడినీళ్ళు తెస్తున్న తల్లికి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు దూరంగా ఉండుమా. చేసింది చాలు."

"ఏమి చేసినాను రా? నీళ్ళు తాగొచ్చు అన్నాడు. నీళ్ళ మాదిరే కాచి ఇచ్చినాను."

"పిండి కలిపితే నీళ్ళు ఎట్ల అవుతాది?"

"నాకు పాలు లేనప్పుడు ఆ నీళ్ళు పోసే నిన్ను పెంచినాను. అప్పుడు అడగలేదే."

మునిశంకర్ నవ్వలేదు. "ఇంగ ఆస్పత్రికి నువ్వు రావద్దు. ఈ పది దినాలు చిన్నవెంకటప్ప మామ ఇంట్లో ఉండు. బేతమంగళ బస్సు పదికి ఉండాది."

దొడ్డమ్మ లోపలికి వెళ్ళి రెండు చీరలు మడిచి గుడ్డ సంచిలో పెట్టుకుంది. శశికళ గోడ గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నోరు తెరిస్తే ఆ కోపం తన మీదికి తిరుగుతుంది. తెరవకపోతే అత్త బస్సెక్కుతుంది. అత్త చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఆయమ్మను పంపొద్దు. అంబలి తాగకూడదని నాకు తెలుసు."

మునిశంకర్ తిరిగి చూశాడు. "ఏమంటా ఉండావు?"

"ముందు దినమే నర్సు చెప్పింది. గంజి వద్దు, పాలు వద్దు, అంబలి వద్దు అని పేర్లు పెట్టి చెప్పింది. అత్త పోసిస్తే తెలిసే తాగినాను."

"ఏంటికి?"

"పోయినసారి కడుపు నొప్పి అని పోయినాను. లేచేసరికి ఈ బ్యాగు. ఈసారి లేచేసరికి ఇంకేముంటాదో. మీరంతా సంతోషంగా ఉంటే వద్దు అనేదానికి నోరు రాలేదు."

మునిశంకర్ అరుగు మీద కూలబడ్డాడు. దొడ్డమ్మ సంచి దింపకుండానే కోడలిని అడిగింది.

"నిన్నటి నుంచి నాకు ముద్ద దిగలేదు శశీ. తెలిసీ ఊరికే ఉండావా?"

శశికళ తల వంచుకుంది. కన్నీళ్ళు చీర మీద పడ్డాయి.

"ఎనిమిది నెలలు ఆ బ్యాగు కడిగిన చేతులు ఇవి" అంది దొడ్డమ్మ. "నా దగ్గర సిగ్గే విడిచినావు. భయం చెప్పేదానికి ఏమొచ్చింది మే?"

మునిశంకర్ లేచి తల్లి చేతిలోంచి సంచి తీసుకున్నాడు. "నాదీ తప్పేమా" అన్నాడు నేల చూస్తూ. ఆమె చెప్పులు విడిచింది.

పది రోజుల తరువాత ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు. ఈసారి శశికళే అడిగింది. "నేను లేచేసరికి నా పొట్ట మీద ఏముంటాది?"

"కుట్లు ఉంటాయి. ఒకవేళ పేగు కలపలేకపోతే, ఇప్పటి మాదిరే బ్యాగు ఉంటుంది" అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ అయి మెలకువ రాగానే శశికళ చెయ్యి పొట్ట మీదికి పోయింది. కట్టు తగిలింది. బ్యాగు లేదు. కానీ అప్పుడే అయిపోలేదు. కింది నుంచి గాలి పోతేనే పేగు పని మొదలుపెట్టినట్టని, అప్పటిదాకా తిండి లేదని చెప్పారు. ఒక రోజు గడిచింది. రెండు గడిచాయి. పొట్ట బిగిసింది. వార్డులో నాలుగడుగులు నడిచేది, పడుకునేది, మళ్ళీ లేచేది.

"అత్తా, భయంగా ఉండాది."

"చెప్పు. నేను యాడికీ పోలేదు."

గంటకోసారి చెప్పింది. గంటకోసారి దొడ్డమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం, పక్కకు తిరిగి పడుకున్న శశికళ ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క మంచాల వాళ్ళు ఇటు చూశారు. దొడ్డమ్మ కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి నడిచింది.

"రేయ్ మునీ, పోయింది రా, గాలి పోయింది" అంటున్న ఆమె గొంతు వార్డంతా వినిపించింది.

"మెల్లగా చెప్పు అత్తా" అంది శశికళ, కుట్లు నొప్పెట్టకుండా పొట్టను రెండు చేతులతో పట్టుకుని నవ్వుతూ.